అమెరికా చలిలో మల్లె, మందారం, కనకాంబరం: గ్రీన్‌హౌస్‌లో పిల్ల మొక్కలు కట్టడం, చలికాలం దాటించడం

మా పెరట్లో ఎనిమిదడుగుల వెడల్పు, పదడుగుల పొడవు ఉన్న చిన్న గ్రీన్‌హౌస్ ఉంది. మాది సెంట్రల్ న్యూజెర్సీ. జనవరిలో తెల్లవారుజామున బయట 12 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉన్నా లోపల మల్లె, మందారం, నందివర్ధనం కుండీలు ప్రాణంతో ఉంటాయి. పూలుండవు, చిగురుండదు, సగం ఆకులు రాలిపోయి చూస్తే జాలేస్తుంది. కొత్తవాళ్ళు ఆ అవతారం చూసి గాభరా పడి నీళ్ళు పోస్తారు, ఎరువు వేస్తారు. మొక్క అసలు చచ్చేది అప్పుడే.

ఇక్కడ "చలికి మల్లె పోయింది" అని ఎవరైనా చెబితే నేను ముందు అడిగేది నీళ్ళ సంగతి. చల్లటి మట్టిలో వేరు నీటిని సరిగ్గా పీల్చుకోలేదు. పోసిన నీళ్ళు అలాగే నిలిచి వేరు కుళ్ళుతుంది. ఫిబ్రవరి దాకా పైకి ఏమీ కనబడదు. మార్చిలో చిగురు రావాల్సిన సమయానికి కొమ్మ గోకి చూస్తే లోపల పచ్చదనం ఉండదు.

అందుకని ఈ వ్యాసమంతా రెండు పనుల చుట్టూనే తిరుగుతుంది. పెద్ద మొక్కను చల్లగా, పొడిగా నిద్రపుచ్చడం ఒకటి. చలి రాకముందే ప్రతి తల్లి మొక్కకీ కనీసం రెండు పిల్ల మొక్కలు కట్టి పెట్టుకోవడం రెండోది. ఆగస్టులో మొదలుపెట్టి మే దాకా వరసగా చెబుతాను. డిగ్రీలన్నీ ఫారెన్‌హీట్‌లోనే, అవసరమైన చోట సెల్సియస్ కూడా ఇస్తాను.

ఏ మొక్కకి ఎంత వెచ్చదనం కావాలి

అమెరికా వ్యవసాయ శాఖ 2023 నవంబర్‌లో కొత్త హార్డీనెస్ జోన్ మ్యాపు విడుదల చేసింది. అందులో మీ జిప్ కోడ్ కొట్టి జోన్ చూసుకోండి. మాది 7ఏ. అంటే ఏడాది మొత్తంలో అతి చల్లని రాత్రి సగటున 0 నుంచి 5 డిగ్రీల మధ్య (సుమారు మైనస్ 18 నుంచి మైనస్ 15 సెల్సియస్) ఉంటుందని అర్థం. హీటర్ ఎంత పెద్దది కొనాలో ఈ అంకెను బట్టే తేలుతుంది. డాలస్‌లో ఉన్నవాళ్ళకి హీటర్‌తో పని కొన్ని రాత్రులే. మిన్నెసోటాలో ఉన్నవాళ్ళకి నెలల తరబడి ఉంటుంది.

మన పూలమొక్కల్లో అందరికంటే సున్నితమైనది కనకాంబరం. రాత్రి 55 డిగ్రీల (13 సెల్సియస్) కంటే తగ్గితే ఆకు వాలిపోతుంది. 60 దగ్గర ఉంచితే సుఖంగా ఉంటుంది. నూరువరహాలు కూడా ఇదే బాపతు. మల్లె, మందారం, నందివర్ధనం 50 డిగ్రీల (10 సెల్సియస్) దగ్గర ఆకు రాల్చినా బతికే ఉంటాయి. జాజి మల్లెకంటే కాస్త మొండిది. కాగితంపూల తీగ 45 దగ్గర ఆకంతా రాల్చి పుల్లలా నిలబడుతుంది, దానికి అదే విశ్రాంతి. జెరేనియం, గన్నేరు 40 డిగ్రీలకి కూడా చలించవు. (గన్నేరు పాలు విషం. గ్లవ్స్ లేకుండా కత్తిరించకండి, పసిపిల్లలున్న ఇంట్లో అసలు పెట్టకండి.) డాలియా, చామంతి కథ వేరు, దానికి తర్వాత వస్తాను.

ఈ జాబితా చూసి కనకాంబరం కోసం గ్రీన్‌హౌస్ మొత్తాన్ని 60 డిగ్రీలకి వేడి చేయాలనుకోకండి. కరెంటు బిల్లు భరించలేరు, పైగా అంత వెచ్చదనంలో మల్లె నిద్రపోదు. గ్రీన్‌హౌస్ 50 దగ్గర ఉంచి, ఒక మూల ప్లాస్టిక్ షీటు తెరలా కట్టి ఆ చిన్న గదిని మాత్రం 60 చేసుకోండి. పిల్ల మొక్కల ట్రేలు కూడా ఆ తెర వెనకే ఉంటాయి.

హీటర్ కొనే ముందు చేయాల్సిన లెక్క

ఈ లెక్కకి కాగితం, పెన్ను చాలు. గోడలూ కప్పూ కలిపి మొత్తం ఎన్ని చదరపు అడుగులో కొలవండి. మా గ్రీన్‌హౌస్ గోడ ఎత్తు ఆరడుగులు, నడినెత్తి ఎనిమిది. గోడలు 216, ముందూ వెనకా త్రికోణాలు 16, కప్పు దాదాపు 90, అన్నీ కలిపి 320 చదరపు అడుగుల పైచిలుకు. రెండు పొరల పాలీకార్బనేట్ షీటుకి వేడి పోయే రేటు, చదరపు అడుగుకి, ఒక్కో డిగ్రీ తేడాకి, గంటకి సుమారు 0.65 బి.టి.యు (వేడిని కొలిచే యూనిట్). ఒంటి పొర గాజుకి 1.1 పైనే. బయట 5 డిగ్రీలుండగా లోపల 50 కావాలంటే తేడా 45. ఈ మూడూ గుణిస్తే 320 × 0.65 × 45 = 9,360. గంటకి అన్ని బి.టి.యుల వేడి బయటికి పోతుందన్న మాట.

మామూలు 1500 వాట్ల హీటర్ గంటకి ఇచ్చేది 5,100 బి.టి.యు. అంటే ఆ రాత్రికి ఒకటి చాలదు, రెండు కావాలి. చాలామంది ఒకటే కొని డిసెంబర్ అంతా హాయిగా గడిపేసి, జనవరిలో ఒక్క రాత్రికి అన్నీ పోగొట్టుకుంటారు.

120 వోల్టుల మీద 1500 వాట్లంటే 12.5 ఆంపియర్లు. రెండు హీటర్లని ఒకే సర్క్యూట్ మీద పెడితే బ్రేకర్ పడిపోవడం ఖాయం. రెండో చలికాలంలో నాకు జరిగింది ఇదే. రాత్రి ఎప్పుడో బ్రేకర్ పడిపోయింది, తెల్లారి తలుపు తీస్తే లోపల 27 డిగ్రీలు. కనకాంబరాలన్నీ ఉడకబెట్టిన ఆకుకూరలా నల్లగా వాలిపోయి ఉన్నాయి. మందారం పోయింది. మల్లెకి పై కొమ్మలన్నీ పోయాయి కానీ మొదలు దగ్గర చెట్టు బతికే ఉంది, ఏప్రిల్‌లో అడుగు నుంచి మళ్ళీ చిగిర్చింది. ఆ మందారం ఇవాళ మా ఇంట్లో ఉందంటే, సెప్టెంబర్‌లో కట్టిన ఒక పిల్ల మొక్క వంటింటి కిటికీలో ఉండటం వల్లే. అప్పటినుంచి రెండు హీటర్లు రెండు వేరు సర్క్యూట్ల మీద నడుపుతున్నాను. దేని థర్మోస్టాట్ దానిదే. మొదటిది 50కి, రెండోది 46కి పెట్టాను. మొదటిది ఆగిపోతే రెండోది అందుకుంటుంది. లోపల పెట్టిన వైర్‌లెస్ థర్మామీటరు 44కి దిగితే పడకగదిలో అలారం మోగుతుంది. ఇరవై, ముప్ఫై డాలర్ల వస్తువు అది. ఏది మానుకున్నా అది మానుకోకండి. హీటర్‌కి మామూలు ఎక్స్‌టెన్షన్ తీగ వాడకండి, తడి తగిలే చోటు కాబట్టి ప్లగ్గు జి.ఎఫ్.సి.ఐ రకంది (షాక్ కొట్టకుండా కరెంటు వెంటనే ఆపేసేది) ఉండాలి. వైరింగు లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేత చేయించుకోండి.

ప్రొపేన్, కిరోసిన్ హీటర్ల గురించి అడుగుతుంటారు. పొగ బయటికి పోయే గొట్టం లేని హీటరయితే వద్దు. మంట సరిగ్గా మండకపోతే ఎథిలీన్ అనే వాయువు వస్తుంది, దానికి ఆకులూ మొగ్గలూ రాలిపోతాయి. కార్బన్ మోనాక్సైడ్ వల్ల మనిషి ప్రాణానికే ప్రమాదం. పైగా మంటతో పాటు నీటి ఆవిరి వచ్చి లోపలంతా చెమ్మ పట్టి బూజు తెగులు మొదలవుతుంది.

నీళ్ళ డ్రమ్ములు పెడితే పగలు వేడి పీల్చుకుని రాత్రి వదులుతాయని కూడా అంటారు. మాట నిజమే, ఎంత వదులుతాయన్నదే చూసుకోవాలి. 55 గాలన్ల డ్రమ్ములో నీళ్ళు సుమారు 460 పౌండ్లు. అవి పది డిగ్రీలు చల్లబడితే వచ్చేది 4,600 బి.టి.యు. 1500 వాట్ల హీటర్ ఒక గంట నడిచినంత కూడా లేదు. ఇంత చిన్న గ్రీన్‌హౌస్‌లో డ్రమ్ము ఆక్రమించే చోటులో నాలుగు మల్లె కుండీలు పడతాయి. నేనయితే కుండీలే పెడతాను. ఆ డబ్బుతో బబుల్ రాప్ కొని ఉత్తరం గోడకీ కప్పుకీ లోపలి వైపు అంటించండి, తలుపు సందులు మూయండి. అది ప్రతి గంటా పనిచేస్తుంది.

ఆగస్టు చివర: కొమ్మలు నాటడం

కొమ్మ వేరు తొడగాలంటే కింద వెచ్చగా, పైన చెమ్మగా ఉండాలి. ఆగస్టు చివరి నుంచి సెప్టెంబర్ మధ్య దాకా ఈ రెండూ ఉచితంగా దొరుకుతాయి. అక్టోబర్‌లో మొదలుపెడితే వేరు పడేలోగా వెలుతురు తగ్గిపోతుంది.

మల్లెతో వివరంగా చెబుతాను. మిగతావాటికి తేడాలు చెబితే సరిపోతుంది.

1. ముందురోజు సాయంత్రం తల్లి మొక్కకి నిండా నీళ్ళు పోయండి. మర్నాడు పొద్దున్నే, ఎండ ఎక్కకముందు కొమ్మ తీయండి.

2. కొమ్మ ఎంపికలోనే సగం పని ఉంది. మరీ లేత చిగురు వడలిపోతుంది, బాగా ముదిరిన గోధుమరంగు కొమ్మ నెలల తరబడి కదలదు. వంచితే కొద్దిగా వంగి, ఇంకాస్త వంచితే టక్కున విరిగేది కావాలి. పై భాగం పచ్చగా, అడుగున గోధుమరంగు అప్పుడే మొదలవుతూ ఉంటుంది. మొగ్గ ఉన్న కొమ్మ వద్దు. తప్పకపోతే మొగ్గ తుంచేయండి.

3. ఐదారు అంగుళాల పొడవున, మూడు నాలుగు కణుపులు ఉండేలా, అడుగు కణుపుకి పావు అంగుళం కింద కోయండి. వేరు కణుపు దగ్గరే పుడుతుంది. కత్తెరని ప్రతి మొక్కకీ మధ్య రబ్బింగ్ ఆల్కహాల్‌తో తుడవండి.

4. అడుగు రెండు కణుపుల ఆకులు తీసేసి, పైన రెండు ఆకులు ఉంచండి. అవి పెద్దవయితే అడ్డంగా సగానికి కత్తిరించండి. వేరు లేని కొమ్మ ఆకుల్లోంచి నీళ్ళు పోగొట్టుకుంటుంది, దాన్ని తగ్గించాలి.

5. రూటింగ్ పొడి కొద్దిగా వేరే కాగితం మీద పోసుకుని, అందులో కొమ్మ అడుగు అద్ది, ఎక్కువైంది దులిపేయండి. సీసాలో నేరుగా ముంచితే తడి తగిలి పొడంతా పాడవుతుంది. మల్లెలాంటి సగం ముదిరిన కొమ్మకి 0.3 శాతం ఐ.బి.ఏ (వేరు తొడిగించే హార్మోను) ఉన్న పొడి, లేత కొమ్మలకి 0.1 శాతం సరిపోతుంది.

6. పెర్లైట్ (తేలికైన తెల్లటి రాతి గుళికలు) సగం, కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) సగం కలిపి తడిపి గట్టిగా పిండండి. వేళ్ళ సందుల్లోంచి ఒకటి రెండు చుక్కలు కారితే సరైన తడి, ధార కారితే ఎక్కువ. పెరటి మట్టి వాడొద్దు. పెన్సిల్‌తో రంధ్రం చేసి రెండు కణుపులు లోపలికి పోయేలా నాటి చుట్టూ నొక్కండి. రంధ్రం చేయకుండా గుచ్చితే అద్దిన పొడి పైనే తుడుచుకుపోతుంది.

7. పైన పారదర్శకమైన మూత పెట్టి, కింద హీట్ మ్యాట్ వేసి, మిశ్రమం 70 నుంచి 75 డిగ్రీల (21 నుంచి 24 సెల్సియస్) మధ్య ఉండేలా చూడండి. మ్యాట్‌కి థర్మోస్టాట్ ఉండాలి, దాని తీగ మొన మిశ్రమంలోనే గుచ్చాలి. నేరుగా ఎండ వద్దు. మూత కింద ఎండ పడితే అరగంటలో కొమ్మలు ఉడికిపోతాయి.

8. రోజుకోసారి మూత తీసి ఐదు నిమిషాలు గాలి తగలనివ్వండి. నల్లబడిన కొమ్మ కనబడితే వెంటనే తీసేయండి.

నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మధ్యలో లాగి చూడాలనిపిస్తుంది, లాగకండి. ఆ లాగడంలో అప్పుడే పుట్టిన తెల్లటి వేరు మొనలు తెగిపోతాయి. నాలుగు వారాల తర్వాత వేలితో కొమ్మని అతి మెల్లగా పైకి అంటే లోపల ఎవరో పట్టుకున్నట్టు అనిపిస్తుంది, అదే గుర్తు. పైన కొత్త చిగురు కనబడినంత మాత్రాన వేరు పడిందని నమ్మకండి. కొమ్మలో దాచుకున్న శక్తితో కూడా చిగురు వేస్తుంది. వేరు అంగుళం పొడవయ్యాక ఒక్కోదాన్ని మూడు నాలుగంగుళాల కుండీలోకి మార్చండి. పెద్ద కుండీ వద్దు. వేరు చేరని మట్టి తడి ఆరక పులిసిపోతుంది.

మందారానికి కాస్త లేత కొమ్మ తీసుకోండి, మిగతాదంతా ఇలాగే. రంగురంగుల హైబ్రిడ్ మందారాలు మొండికేస్తాయి. మనకి తెలిసిన ఒంటి రేకు ఎర్ర మందారం ఇట్టే వస్తుంది. కనకాంబరం మూడు నాలుగు వారాల్లో వేరు తొడుగుతుంది. దానికి విత్తనంతో కూడా మొక్కలు వస్తాయి. ఎండిన కాయమీద నీటి చుక్క పడితే టప్పున పేలి గింజలు దూరంగా ఎగురుతాయి కాబట్టి కాయలున్న కంకికి ముందే పల్చటి గుడ్డ సంచీ కట్టండి. అయితే ఢిల్లీ కనకాంబరం అని పిలిచే నారింజ రంగు రకానికి గింజ పట్టదు. అది ట్రిప్లాయిడ్ (క్రోమోజోములు మూడేసి ఉండటం వల్ల గింజ కట్టలేని రకం), కొమ్మ నాటడం ఒక్కటే దారి.

జెరేనియం అన్నిటికీ తిరగేసి ఉంటుంది. కోసిన కొమ్మని నీడలో కొన్ని గంటలు ఆరనిచ్చి, కోత మీద పల్చటి పొర కట్టాక నాటాలి. మూత పెట్టకూడదు. పెడితే మొదలు నల్లబడి కుళ్ళిపోతుంది.

కొమ్మలతో పడటం కష్టమనిపిస్తే మల్లెకి అంటు తొక్కండి. మన ఊళ్ళలో అమ్మమ్మలు చేసిన పద్ధతే. తల్లి పక్కనే చిన్న కుండీ పెట్టి, పొడవాటి కొమ్మని వంచి, ఒక కణుపు కింద తోలు కొద్దిగా గీకి, ఆ కణుపు మట్టిలో ఉండేలా తీగ ముక్కతో పిన్నులా గుచ్చి, పైన మట్టి కప్పండి. కొన మాత్రం బయట ఉండాలి. జూన్‌లో తొక్కిన అంటు సెప్టెంబర్‌కి వేరు పడుతుంది, అప్పుడు తల్లి నుంచి కోసేయొచ్చు. హార్మోను, మ్యాట్ ఏదీ అక్కర్లేదు. ఇంట్లో ఒకే ఒక్క మల్లె ఉన్నవాళ్ళకి నేను ముందు చెప్పేది ఇదే, ఎందుకంటే వేరు పడే దాకా ఆ కొమ్మ తల్లి పాలు తాగుతూనే ఉంటుంది.

ఇక చట్టం సంగతి. కొత్త రకాల మొక్కల ట్యాగు మీద ప్లాంట్ పేటెంట్ నంబరు గానీ, పి.పి.ఏ.ఎఫ్ (పేటెంట్‌కి దరఖాస్తు చేశారని అర్థం) అనే అక్షరాలు గానీ ఉంటే వాటికి పిల్లలు కట్టకూడదు. మన పాత మల్లె, మందారాలకి ఆ ఇబ్బంది లేదు. ఇండియా నుంచి సూట్‌కేసులో కొమ్మలు తేవద్దు. ఆ దేశపు ఫైటోశానిటరీ సర్టిఫికెట్ (మొక్కకి తెగులూ పురుగూ లేవని ఇచ్చే పత్రం) లేని మొక్కల్ని విమానాశ్రయంలోనే తీసేసుకుంటారు, చెప్పకుండా తెస్తే జరిమానా. ఆ నిబంధన న్యాయమైనదే, ఒక్క కొమ్మతో వచ్చిన పురుగు ఒక పంటనే తినేయగలదు. గుండుమల్లె ఇక్కడి నర్సరీల్లోనే గ్రాండ్ డ్యూక్, మెయిడ్ ఆఫ్ ఓర్లీన్స్ లాంటి పేర్లతో దొరుకుతుంది.

సెప్టెంబర్: లోపలికి తెచ్చే ముందు

రాత్రి 50 డిగ్రీలకి దిగడం మొదలయ్యేలోపు మొక్కలన్నీ లోపల ఉండాలి. మాకు అది సెప్టెంబర్ చివరి వారం. కనకాంబరం ఇంకో పది రోజులు ముందే. తొలి మంచు దెబ్బ అక్టోబర్ రెండో సగంలో పడుతుంది కానీ అంతవరకు ఆగకండి.

పురుగుని లోపలికి తెస్తే చలికాలమంతా దానికి పండగే. బయట దాన్ని తినే మిత్ర పురుగులూ వానలూ లోపల ఉండవు. ఆకుల అడుగు భాగం, కణుపుల సందులు భూతద్దంతో చూడండి. తెల్లటి దూది పిండినల్లి. కొమ్మకి అతుక్కున్న గోధుమరంగు బొడిపెలు పొలుసు పురుగు. మొక్క కదిలిస్తే లేచేది తెల్లదోమ. ఎర్రనల్లి కంటికి ఆనదు కాబట్టి ఆకు కింద తెల్ల కాగితం పట్టి తట్టండి. పడిన నలకల్లో కదిలేవి ఉంటే అదే.

మొక్కని పక్కకి వంచి నీటి పైపుతో ఆకుల అడుగున గట్టిగా కడగండి. కుండీని బకెట్ నీళ్ళలో పదిహేను నిమిషాలు ముంచితే మట్టిలోని చీమలూ పురుగులూ పైకి తేలతాయి. తర్వాత ఇన్సెక్టిసైడల్ సోప్ గానీ వేపనూనె గానీ లేబుల్ మీద రాసిన మోతాదులో, సాయంత్రం పూట, వారానికోసారి మూడు సార్లు కొట్టండి. గుడ్లు పొదిగి బయటికి వచ్చేవి రెండో మూడో విడతలో చస్తాయి కాబట్టి ఒక్కసారితో ఆపేస్తే చేసింది వృథా. గిన్నెలు తోమే సబ్బు నీళ్ళు కొట్టొద్దు, ఆకు మాడుతుంది.

బారుగా ఉన్న కొమ్మల్ని మూడో వంతు మాత్రం తగ్గించండి. అసలు కత్తిరింపు ఫిబ్రవరిలో. ఎరువు ఆపేయండి.

డాలియా దుంపలు, చామంతి

డాలియాని మాత్రం చలి తగలనివ్వాలి. మంచుకి ఆకులు నల్లబడ్డాక కాడని ఆరంగుళాలకి కోసి, వారం ఆగి, కాడకి అడుగు దూరం నుంచి ఫోర్కుతో లేపండి. దుంప మెడ విరిగితే అది ఇక మొలవదు. మట్టి కడిగి, ఒకట్రెండు రోజులు నీడన ఆరబెట్టి, కాస్త చెమ్మ ఉన్న వర్మిక్యులైట్‌లో (చెమ్మ పట్టి ఉంచే తేలికైన ఖనిజపు పొట్టు) పెట్టి 40 నుంచి 45 డిగ్రీల చోట ఉంచండి. అందుకు గ్రీన్‌హౌస్ కంటే ఇంటికి ఆనుకున్న గరాజ్ మేలు. రంగు పేరు దుంప మీదే మార్కర్‌తో రాయండి. నెలకోసారి చూసి, ముడతలు పడితే నీళ్ళు చిలకరించండి, కుళ్ళితే ఆ ముక్క కోసేయండి.

చామంతి పూత అయ్యాక కాడల్ని ఆరంగుళాలకి కోసి, గ్రీన్‌హౌస్‌లో అన్నిటికంటే చల్లటి మూల, తలుపు పక్కన పెట్టండి. దానికి పిలకలు మార్చిలో వస్తాయి.

నవంబర్ నుంచి జనవరి దాకా: నీళ్ళు, గాలి

మల్లెతోటలున్న మన ఊళ్ళలో చలికాలం నీళ్ళు ఆపి, ఆకు దూసి, కొమ్మలు కత్తిరిస్తారు. అలా ఎండగట్టిన మొక్కే వేసవిలో విరగపూస్తుంది. ఇక్కడ గ్రీన్‌హౌస్‌లో మనం చేసేదీ అదే, కాకపోతే చలి ఇంకాస్త ఎక్కువ. ఈ పోలిక గుర్తుంటే ఆకు రాలినప్పుడు టెన్షన్ ఉండదు.

నీళ్ళు ఎప్పుడు పోయాలో తేదీని బట్టి నిర్ణయించకండి. కుండీ ఎత్తి చూడండి. నీళ్ళు పోసిన వెంటనే ఒకసారి ఎత్తితే ఆ బరువు చేతికి గుర్తుంటుంది. అది సగానికి సగం తేలికయ్యి, వేలు రెండంగుళాలు లోపలికి గుచ్చినా పొడిగా ఉంటేనే పోయండి. 50 డిగ్రీల దగ్గర పదంగుళాల కుండీలో మల్లెకి మాకు పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. కాగితంపూలకి మూడు వారాలు దాటినా పరవాలేదు. పొద్దున పదింటికి, ఎండ పడుతున్న రోజున, మట్టి మీదే పోయాలి, ఆకులు తడవకూడదు. జనవరిలో కొళాయి నీళ్ళు ఐసులా ఉంటాయి కాబట్టి ముందురోజే బకెట్ నింపి లోపల పెట్టుకోండి. కింద ప్లేటులో నీళ్ళు నిలిస్తే అరగంటలో పారబోయండి.

చిన్న ఫ్యాను ఒకటి రాత్రింబవళ్ళూ తిరగాలి. గాలి కదలకపోతే గోడల మీద ఆవిరి చుక్కలు కట్టి ఆకుల మీద పడతాయి. రెండు రోజుల్లో బూడిదరంగు బూజు మొదలవుతుంది, ముందు రాలిన ఆకుల మీద, తర్వాత బతికున్న కొమ్మల మీద. నేను ఆదివారం పొద్దున పూట రాలిన ఆకులన్నీ ఏరేస్తాను. అరగంట పని, మందులతో అవసరం లేకుండా పోతుంది.

చలికాలంలో కూడా ఎండ కాసిన రోజున మధ్యాహ్నం లోపల 85 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడికి మొక్క మేలుకుని లేత చిగురు వేస్తుంది, రాత్రి చలికి ఆ చిగురు మాడుతుంది. అందుకే కప్పు కిటికీకి మైనం సిలిండర్ ఓపెనర్ బిగించండి. లోపలి మైనం వేడికి వ్యాకోచించి కిటికీని తోస్తుంది, చల్లబడితే మూసుకుంటుంది. కరెంటు అక్కర్లేదు. ఆఫీసుకి వెళ్ళేవాళ్ళకి ఇది తప్పనిసరి.

పిల్ల మొక్కల దారి వేరు. వాటికి నిద్ర ఉండకూడదు. డిసెంబర్‌లో మాకు పగలు తొమ్మిది గంటల పైచిలుకే, అది చాలదు. తెర వెనక 60 నుంచి 65 డిగ్రీల్లో, ఎల్.ఇ.డి. లైటు అడుగు ఎత్తులో, రోజుకి 14 గంటలు ఇవ్వండి. వాటన్నిటినీ ఒకే ట్రేలో, తలుపుకి అందే దూరంలో పెట్టండి. కరెంటు పోతే ఆ ఒక్క ట్రే చేత్తో పట్టుకుని ఇంట్లోకి వచ్చేయొచ్చు. పెద్ద కుండీలన్నీ దగ్గరికి చేర్చి పైన పాత దుప్పట్లు కప్పి కరెంటు కోసం ఎదురు చూడొచ్చు. కప్పు మీద మంచు పేరుకుంటే మెత్తటి చీపురుతో ఎప్పటికప్పుడు దించండి, బరువు ప్రమాదం, వెలుతురూ పోతుంది.

ఫిబ్రవరి, మార్చి: నిద్ర లేపడం

ఫిబ్రవరి మూడో వారానికి పగలు దాదాపు పదకొండు గంటలకి వస్తుంది. అప్పుడు మల్లె కొమ్మల్ని గోకి చూడండి. పచ్చగా ఉన్న చోటికి కోసి, ఎండు పుల్లలూ సన్నటి కొమ్మలూ తీసేసి, మొత్తం చెట్టుని సగానికి తగ్గించండి. చేతులు రావు, తెలుసు. కానీ మల్లె కొత్త చిగురు మీదే పూస్తుంది, ఎన్ని చిగుళ్ళు వస్తే అన్ని గుత్తులు. మందారాన్ని మూడో వంతు కోస్తే చాలు. వేర్లు కుండీ చుట్టూ చుట్టుకుని ఉంటే బయటి అంగుళం వేరు కత్తిరించి కొత్త మట్టితో అదే కుండీలో పెట్టండి. థర్మోస్టాట్ వారానికి రెండేసి డిగ్రీల చొప్పున 58 దాకా పెంచుతూ, చిగురు కనబడ్డాకే నీళ్ళు పెంచండి. ఎరువు ఆకులు విచ్చుకున్నాక, సగం మోతాదుతో.

మార్చిలో డాలియా దుంపల్ని ట్రేలో తడి మిశ్రమం మీద పరిచి వెచ్చగా ఉంచితే మెడ దగ్గర కళ్ళు (మొలక వచ్చే చోట్లు) ఉబ్బుతాయి. కన్ను కనబడుతుంది కాబట్టి దుంపలు విడదీయడానికి కూడా ఇదే మంచి సమయం. కన్ను లేని దుంప ఎంత లావుగా ఉన్నా మొలవదు. మొలక మూడంగుళాలయ్యాక, దుంప తోలు చిన్న ముక్క అంటుకుని వచ్చేలా బ్లేడుతో కోసి నాటితే రెండు మూడు వారాల్లో వేరు పడుతుంది. ఆ దుంప మళ్ళీ మొలక వేస్తుంది. ఒక్క మంచి రంగు దుంప నుంచి నేను ఒక సీజన్లో ఆరు మొక్కలు తీశాను.

చామంతి పిలకలు రెండు మూడంగుళాలు ఉన్నప్పుడు కోసి ఇలాగే నాటండి. పాత మొదలుని అలాగే పెంచడం కంటే కొత్త పిలక మొక్కే బాగా పూస్తుంది. తర్వాత ప్రతి నాలుగంగుళాలకీ చిగురు తుంచుతూ, జూలై మధ్యకల్లా ఆపేయాలి. రాత్రులు పొడవయ్యాక మొగ్గ కడుతుంది కాబట్టి వీధి లైటు పడే చోట నాటకండి.

ఏప్రిల్ చివర, మే: బయటికి

మాకు చివరి మంచు ఏప్రిల్ చివర్లో గానీ మే మొదటి వారంలో గానీ పడుతుంది. ఆ తేదీ దాటినంత మాత్రాన చాలదు, రాత్రులు వరసగా వారం పాటు 50 పైన ఉండాలి. గ్రీన్‌హౌస్ ఆకు పల్చగా ఉంటుంది, నేరుగా ఎండలో పెడితే ఒక్క మధ్యాహ్నంలో తెల్లగా బొబ్బలెక్కుతుంది. మొదటి మూడు రోజులు పూర్తి నీడలో గంట రెండు గంటలు ఉంచి, తర్వాత పొద్దుటి ఎండ గంట, ఆపై రెండు గంటలు, ఇలా పది రోజులు పెంచుకుంటూ పోండి. గాలి ఎక్కువున్న రోజు బయటికి తీయకండి. మల్లెకి చివరికి దొరకాల్సింది రోజుకి కనీసం ఆరు గంటల నిండు ఎండ. డెక్ మీద దక్షిణం వైపు, ఇంటి గోడ వేడి తగిలే చోటు దానికిచ్చి, మిగతా మొక్కలకి మిగిలిన చోట్లు సర్దండి. కనకాంబరాన్ని అందరికంటే చివర, మే నెలాఖరుకి తీసి, మధ్యాహ్నం నీడ పడే చోట పెట్టండి.

మొక్కలన్నీ బయటికి వెళ్ళాక ఖాళీ గ్రీన్‌హౌస్ బెంచీలు, కుండీలు, ట్రేలు, తొమ్మిది వంతుల నీళ్ళలో ఒక వంతు బ్లీచ్ కలిపి కడిగి, మంచినీళ్ళతో మళ్ళీ కడిగి ఎండలో ఆరబెట్టండి. హీటర్లు దుమ్ము దులిపి సంచీలో కట్టి పెట్టండి. జూన్ వచ్చేసరికి మల్లె తీగలు సాగుతాయి. అంటు తొక్కడానికి చిన్న కుండీ ఒకటి పక్కన తీసి ఉంచుకోండి.